కౌలు చట్టం మారాలి – దున్నేవాడి పేరు కాగితం మీదికి రావాలి

ఉగాది దాటగానే మన ఊళ్ళలో గుత్త మాటలు మొదలవుతాయి. కోట్‌పల్లి ప్రాజెక్టు కింది వరి మడికైనా, పైనున్న కంది చెల్కకైనా పద్ధతి ఒకటే. ఆసామి ఇంటి అరుగు మీద ఇద్దరు కూర్చుంటారు. ఎకరాకు ఇంత అనుకుంటారు. సగం పైసలు ముందే చేతిలో పెట్టాలి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళే సాక్షి. కాగితం మాత్రం ఉండదు.

ఆ కాగితం లేకపోవడమే మిగతా ఏడాదంతా ఆ రైతును వెంటాడుతుంది. బ్యాంకుకు పోతే పట్టాదారు పాసుపుస్తకం ఏదంటారు. పంట నమోదుకు వచ్చినప్పుడు సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉందో చూస్తారు. వడగళ్ళు పడి పంట పోతే నష్టం జాబితాలో పట్టాదారు పేరు ఎక్కుతుంది. పత్తి కొనుగోలు కేంద్రానికి బండి తీసుకుపోతే పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా ఒకే పేరు మీద ఉన్నాయా అని అడుగుతారు. అప్పుల బాధతో ఆ రైతు ప్రాణం తీసుకుంటే, ఆయన రైతేనని రుజువు చేయాల్సిన భారం భార్య మీద పడుతుంది. బతికున్నప్పుడు ఒక్క కాగితం ఇవ్వని వ్యవస్థ, చనిపోయాక కాగితాలు అడుగుతుంది.

ఇప్పుడు కౌలు చట్టాలను మార్చాలన్న చర్చ మళ్ళీ లేచింది. మంచిదే. మార్పు కావాలని మొదటి నుంచీ అడుగుతున్నది మనమే. అయితే ఎటువంటి మార్పు? పట్టాదారు సంతకం పెడితేనే కౌలు రైతు రైతు అవుతాడా? లేక దున్నుతున్నాడు కాబట్టి రైతు అవుతాడా? ఈ ఒక్క ప్రశ్నకు చట్టం ఏం జవాబు చెబుతుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

భయం ఎక్కడ పుట్టింది?

ఆసాములు కాగితం ఎందుకు రాయరు? వాళ్ళంతా చెడ్డవాళ్ళని మేం అనం. ఈ భయానికి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది.

మన ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, తెలంగాణ రైతాంగ పోరాటం నేపథ్యంలో 1950లో కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. నిర్ణీత కాలంలో వరుసగా ఆరేళ్ళు సాగులో ఉన్నవారిని అది రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. తర్వాత అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద, 1973 జనవరి 1 నుంచి, అర్హులైన రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కే దక్కింది. దొరల కింద తరతరాలుగా నలిగిన కుటుంబాలు ఆ సర్టిఫికెట్లతో భూమికి హక్కుదారులయ్యాయి. అది న్యాయమే. దాన్ని తప్పుబట్టేవాళ్ళతో మాకు రాజీ లేదు.

కానీ అప్పటి నుంచి ఆసాముల మనసులో ఒక మాట నాటుకుపోయింది: 'కౌలుదారు పేరు కాగితంలోకి ఎక్కితే భూమి పోతది.' అందుకే రాతకోతలు బంద్ అయ్యాయి. ఒకే మనిషికి వరుసగా ఇవ్వకుండా రెండు మూడేళ్ళకోసారి మార్చడం అలవాటైంది. ఇటు చట్టం కూడా ఎవరు పడితే వారు భూమిని కౌలుకివ్వడానికి వీల్లేకుండా ఆంక్షలు పెట్టింది. దాంతో కౌలు ఆగిందా? ఆగలేదు. కాగితం నుంచి నోటిమాటలోకి మారింది, అంతే. తాండూరు దాటితే కర్ణాటక. అక్కడ 1974లోనే కౌలును నిషేధించారు. అక్కడా కౌలు సాగుతూనే ఉంది. నిషేధం ఉన్నచోట నష్టపోయేది ఎప్పుడూ బలం లేనివాడే.

ఒక విషయం ఆసాములకు స్పష్టంగా చెప్పదలచుకున్నాం. రక్షిత కౌలుదారుగా గుర్తించడానికి 1950 చట్టం లెక్కలోకి తీసుకున్న కాలం ఆ 1950ల నాటితోనే ముగిసిపోయింది. నేడు మీ చెల్క గుత్తకు చేస్తున్న మనిషి ఎన్నేళ్ళు చేసినా రక్షిత కౌలుదారు కాలేడు. అరవై డెబ్భై ఏళ్ళ కిందటి భయాన్ని చూపించి ఇవాళ్టి రైతును బ్యాంకు గడప ఎక్కకుండా ఆపుతున్నారు. ఆ భయం మీది కావచ్చు. దాన్ని వాడుకుంటున్నది మాత్రం పాలకులు.

ఉన్న చట్టాన్ని అటకెక్కించారు

'చట్టం లేదు కాబట్టి ఏమీ చేయలేకపోతున్నాం' అని అధికారులు అంటుంటారు. ఇది నిజం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతు దరఖాస్తు పెడితే గ్రామంలో విచారించి, ఏడాది గడువుతో రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆ కార్డుతో పంట రుణం, బీమా, పంట నష్టపరిహారం పొందవచ్చు. ఆ కార్డు భూమి మీద ఎలాంటి హక్కునూ ఇవ్వదని అదే చట్టం చెప్పింది. అంటే ఆసామి భయానికీ, కౌలు రైతు అవసరానికీ ఒకేచోట జవాబు ఉంది. పదేళ్ళకు పైగా ఆ చట్టం పుస్తకంలోనే ఉంది. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్ళలో కొద్దిమందికి కార్డులిచ్చి, తర్వాత ఆపేశారు.

ఆ తర్వాత ఒక్కో అడుగూ కౌలు రైతును మరింత వెనక్కు నెట్టింది. పాత పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. దున్నేవాడి పేరుకు సర్కారు కాగితంలో మిగిలిన ఒకే ఒక్క చోటు అది. 2020లో ధరణి వచ్చాక ఆ కాలమ్ పోయింది. 2018లో మొదలైన రైతుబంధులో కౌలు రైతులకు చోటు లేదని ఆనాటి ముఖ్యమంత్రి బహిరంగంగానే చెప్పారు. అదే ఏడాది ఆగస్టు 15న వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారులకే. 2023 మార్చిలో వడగళ్ళకు పంటలు పోయినప్పుడు ఎకరాకు 10,000 రూపాయలు ఇస్తామని, కౌలు రైతులనూ ఆదుకుంటామని ప్రకటించారు. మంచి మాటే. కానీ కౌలు రైతు ఎవరో చెప్పే జాబితా ఏది? జాబితా లేనిచోట పరిహారం పట్టాదారు దయ మీద ఆధారపడుతుంది.

ప్రభుత్వం మారింది. మాటలు మారాయి. 2022 మే 6న వరంగల్‌లో ప్రకటించిన రైతు డిక్లరేషన్‌లో పట్టాదారుకూ, కౌలు రైతుకూ ఏటా ఎకరాకు 15,000 రూపాయలు అన్నారు. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా ఎకరాకు సీజన్‌కు 6,000 చొప్పున మళ్ళీ పట్టాదారు ఖాతాకే పోయింది. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అన్నారు. దానికి సెంటు భూమి కూడా ఉండొద్దు, ఉపాధి హామీలో 20 రోజులు పనిచేసి ఉండాలి. పది గుంటల సొంత భూమి ఉండి నాలుగెకరాలు గుత్తకు చేసే రైతు సంగతేమిటి? ఆ పది గుంటలకు సీజన్‌కు 1,500 రూపాయలు వస్తాయి. భూమి ఉంది కాబట్టి కూలీ కాడు. కౌలు కాబట్టి రైతూ కాడు.

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగెకరాల కంది చెల్క, ఎకరాకు 12,000 గుత్త అనుకుందాం. గుత్త 48,000. రైతు భరోసా ఏటా ఎకరాకు 12,000 చొప్పున మరో 48,000. ఈ రెండూ పట్టాదారుకే. దున్నినవాడు లక్ష రూపాయలు పెట్టుబడి కోసం నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే ఏడాదికి మిత్తే 24,000. అదే లక్ష బ్యాంకు పంట రుణమైతే ఏడు శాతం, గడువులో కడితే నాలుగు శాతం, అంటే 4,000. ఎకరాకు నాలుగు క్వింటాళ్ళు పండితే మొత్తం 16 క్వింటాళ్ళు. 2025-26కు కందికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000. కొనుగోలు కేంద్రంలో తన పేరుతో అమ్ముకోలేక అడ్తిదారుకు వెయ్యి తక్కువకు ఇస్తే 16,000 పోయినట్టే. మిత్తిలో 20,000, ధరలో 16,000, కలిపి 36,000. ఒక్క కాగితం లేనందుకు ఒక్క ఏడాదిలో కౌలు రైతు కట్టే జరిమానా ఇది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వపడుతున్నాం. పప్పుకు గుర్తింపు వచ్చింది. పండించిన మనిషికి ఇంకా రాలేదు.

ఇది కొద్దిమంది బాధ కూడా కాదు. 2022లో రైతు స్వరాజ్య వేదిక 20 జిల్లాల్లో చేసిన అధ్యయనంలో సాగుదారుల్లో నూటికి 36 మంది కౌలు రైతులేనని తేలింది. మూడో వంతు రైతాంగం సర్కారు లెక్కలో లేదు.

ముందున్న మూడు దారులు

సంస్కరణ పేరుతో ఇప్పుడు మూడు దారులు కనిపిస్తున్నాయి. మూడింటినీ ఎంచి చూడాలి.

మొదటిది, 2016లో నీతి ఆయోగ్ రాష్ట్రాల ముందుంచిన నమూనా భూమి కౌలు చట్టం. కౌలు మీద ఆంక్షలు ఎత్తేయాలని, గడువు ముగియగానే భూమి యజమానికి తిరిగి చేరాలని, కౌలు రైతుకు రుణం, బీమా, పరిహారం అందాలని అది చెబుతుంది. ఇందులో మనకు పనికొచ్చే మాట ఉంది. ప్రమాదమూ ఉంది. గుత్త ఎంత, గడువు ఎంత అన్నది పూర్తిగా ఇద్దరి ఇష్టానికి వదిలేసింది. ఇద్దరూ సమానులైతే సరే. మన జిల్లాలో భూముల సంగతి చూడండి. హైదరాబాద్ నుంచి వచ్చి ఫామ్ ప్లాట్ల కోసం కొన్నవాళ్ళ చేతుల్లోకి ఎన్ని ఎకరాలు పోయాయో మన కళ్ళ ముందే ఉంది. రేపు డబ్బున్న ఒక పెద్ద మనిషో, కంపెనీయో వచ్చి వంద ఎకరాలు ఒకేసారి గుత్తకు అడిగితే, నాలుగెకరాలు చేసుకునే మన రైతు ఆ ధరకు నిలబడగలడా? ఆంక్షలు ఎత్తేయడం ఒక్కటే సంస్కరణ అయితే దాని లాభం ఆ వంద ఎకరాలవాడికే.

రెండోది, 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం. 11 నెలల ఒప్పందం, దాని ఆధారంగా సాగుదారు హక్కు పత్రం. కానీ పట్టాదారు సంతకం ఉంటేనే పత్రం. సంతకం పెట్టమంటే చాలామంది ఆసాములు వెనక్కు తగ్గారు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది భూమే దక్కదన్న భయంతో కౌలు రైతులు నోరు మూసుకున్నారు. చట్టం మంచి పేరుతో వచ్చినా, దాని తాళంచెవి మళ్ళీ పట్టాదారు జేబులోనే ఉండిపోయింది.

మూడోది, గ్రామసభలో విచారించి కార్డు ఇచ్చే 2011 చట్టం దారి. మా దారి ఇదే. దీన్ని ఇంకా బలంగా చేయాలి. ఊళ్ళో ఎవరి చెల్క ఎవరు దున్నుతున్నారో దాచగలిగే సంగతి కాదు. పక్క గట్టువాడికి తెలుసు, ట్రాక్టరువాడికి తెలుసు, కైకిలికి పోయే ఆడవాళ్ళకు తెలుసు, వ్యవసాయ విస్తరణాధికారికీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది రికార్డు ఒక్కటే.

ఇది జరిగే పని కాదనేవాళ్ళు పశ్చిమ బెంగాల్ వైపు చూడాలి. అక్కడ 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు అధికారులు ఆఫీసుల్లో కూర్చోలేదు. రైతులు పొలం నుంచి తిరిగొచ్చిన వేళ, ఊళ్ళలోనే శిబిరాలు పెట్టి, పదిమంది ముందు అడిగి పాలికాపుల పేర్లు రాసుకున్నారు. అలా దాదాపు 14 లక్షల మంది పేర్లు రికార్డుకెక్కాయి. వాళ్ళకు సాగులో కొనసాగే హక్కు కూడా ఇచ్చారు. మేం ఇవాళ అంత కూడా అడగడం లేదు. ఆ పద్ధతిలో ఊరి ముందు పేర్లు రాయండి అంటున్నాం.

ఆసాములకు మా మాట

మా సంఘంలో కౌలు రైతులే కాదు, భూమి గుత్తకిచ్చినవాళ్ళూ ఉన్నారు. భర్త పోయి రెండెకరాలు గుత్తకిచ్చుకుని బతుకుతున్న అక్కలున్నారు. పిల్లలు పట్నంలో స్థిరపడితే ఒంటరిగా మిగిలిన ముసలి తల్లిదండ్రులున్నారు. వాళ్ళను దొరల గాటన కట్టడం మాకు సమ్మతం కాదు. గుత్త పైసలు వాళ్ళకు మందులు, తిండి. వాళ్ళ భయాన్ని కొట్టిపారేయకుండా జవాబు చెప్పడం మన బాధ్యత.

నోటిమాట గుత్త వల్ల మీకూ రక్షణ లేదు. పంట పోయి కౌలు రైతు మిగతా గుత్త ఇవ్వలేకపోతే మీరు ఎక్కడ అడుగుతారు? గడువు ఎప్పటితో అయిపోయిందో ఏం చూపిస్తారు? ఏడాది గడువుతో, భూమి మీద హక్కు ఇవ్వదని చట్టంలోనే రాసి ఉన్న కార్డు మీ పట్టాను కదిలించదు. అది మీ యాజమాన్యానికే సర్కారు ముద్ర వేసిన సాక్ష్యం.

ఇంకో భయం రుణం సంగతి. 'నా పాసుపుస్తకం మీద నేను పంట రుణం తీసుకున్నా, కౌలు రైతుకు ఇస్తే నాది ఆగుతది' అంటారు. ఇది నిజమైన చిక్కే. కార్డు ఉన్నా, ఒకే సర్వే నంబరు మీద రెండు రుణాలు ఇవ్వలేమని కౌలు రైతును తిప్పి పంపిన అనుభవాలు మన సభ్యులకు ఉన్నాయి. దీనికి జవాబు ఆసామి దగ్గర లేదు, బ్యాంకుల దగ్గర ఉంది. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. తాకట్టు అక్కర్లేనప్పుడు పాసుపుస్తకం ఎందుకు? నాబార్డు ఏళ్ళుగా ప్రోత్సహిస్తున్న ఉమ్మడి పూచీ సంఘాల ద్వారా అయిదారుగురు కౌలు రైతులకు కలిపి రుణం ఇచ్చే దారీ ఉంది. దారి ఉండి నడవకపోవడాన్ని నిబంధన అనరు, నిర్లక్ష్యం అంటారు.

రైతు భరోసా ముడి విప్పాలి

కౌలు రైతు గుర్తింపు అనగానే రైతు భరోసా పైసలు ఎవరికి అన్న తగువు ముందుకొస్తుంది. ఆసామి ఉలిక్కిపడతాడు. ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. 'మీరూ మీరూ తేల్చుకోండి' అన్న మాట కౌలు రైతుకూ, ఆసామికీ మధ్య నిప్పు పెట్టడమే.

మేం రెండింటినీ విడదీసి చూడమంటున్నాం. రుణం, బీమా, పంట నష్టపరిహారం, మద్దతు ధరకు అమ్ముకునే అవకాశం, రైతుబీమా: ఈ అయిదూ కౌలు రైతుకు ఇస్తే పట్టాదారు జేబులోంచి ఒక్క రూపాయి కూడా పోదు. పోయిన పంట దున్నినవాడిది. అమ్మే పంట దున్నినవాడిది. వాటిమీద పట్టాదారుకు న్యాయంగా కూడా హక్కు లేదు. కాబట్టి ఈ అయిదింటికి గుర్తింపు కార్డు వెంటనే ఇవ్వాలి. రైతు భరోసా తేలేదాకా ఆగాలనడం సాకు మాత్రమే. ఇక రైతు భరోసా విషయంలో ఇద్దరికీ ఇస్తామని చెప్పింది పాలకులు. చెప్పినవాళ్ళే ఇద్దరికీ ఇవ్వాలి. చిన్న ఆసామి నోటి దగ్గరిది లాక్కుని కౌలు రైతుకు పెట్టమని మేం ఎన్నడూ అడగలేదు.

మా డిమాండ్లు

1. 2011 భూ అధీకృత సాగుదారుల చట్టాన్ని ఈ వానాకాలం నుంచే అమలు చేయాలి. కొత్త చట్టం వచ్చేదాకా ఆగొద్దు.

2. కొత్త చట్టంలో పట్టాదారు సంతకం షరతు ఉండకూడదు. గ్రామసభలో విచారణే ఆధారం కావాలి. ఏటా జూన్‌లోపు పేర్ల జాబితా పంచాయతీ గోడకు అంటించి, అభ్యంతరాలు విని కార్డులివ్వాలి.

3. కార్డు వల్ల యాజమాన్య హక్కుకు భంగం లేదన్న మాట కొత్త చట్టంలోనూ, ప్రతి కార్డు మీదా తెలుగులో ముద్రించాలి.

4. పంట నమోదులో పట్టాదారు పేరుతో పాటు సాగుదారు పేరు రాయాలి. కొనుగోలు కేంద్రాల్లో ఆ పేరే చెల్లాలి.

5. కౌలుకు తీసుకునే విస్తీర్ణానికి పరిమితి పెట్టాలి. కౌలు సంస్కరణ కంపెనీలకు తలుపు తీయకూడదు.

6. కార్డు ఉన్న ప్రతి కౌలు రైతుకూ రైతుబీమా వర్తింపజేయాలి. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు పరిహారమిచ్చే జీవో 194 కింద విచారణలో ఆ కార్డే రుజువు కావాలి.

మనం చేయాల్సింది

డిమాండ్లు రాసి ఊరుకుంటే అవి కాగితం మీదే ఉంటాయి. కోట్‌పల్లి, పెద్దేముల్, బంట్వారం, ధారూర్ మండలాల్లో ప్రతి గ్రామ కమిటీ వచ్చే గ్రామసభలోపు కౌలు రైతుల జాబితా తయారు చేయాలి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట రాయండి. జాబితా మీద పక్క గట్టు రైతులిద్దరి సంతకాలు తీసుకోండి. దరఖాస్తు రెండు ప్రతులు చేసి ఒకటి తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి, రెండో దానిపై అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇవ్వమంటే ఇవ్వమని రాసివ్వమనండి. జాబితా రాసే ముందు ఆసామి ఇంటికి పోయి కూర్చుని మాట్లాడండి. చాటుమాటుగా చేస్తే పాత భయమే పెరుగుతుంది.

గుత్త మాటలు అరుగు మీదనే జరగనీయండి, ఫరవాలేదు. మాట ఇచ్చుకోవడం మన ఊళ్ళ మర్యాద. కానీ ఆ మాట సర్కారు పుస్తకంలోకి ఎక్కాలి. నాగలి పట్టినవాడి పేరు లేని భూమి రికార్డు సగం రికార్డే. మిగతా సగం రాయించే పని మనది.